తాండూరులో కుట్టిన ఆరు సంచులు

ఈ ప్రయాణంలో నాకు చెడ్డవాళ్ళెవరూ ఎదురుకాలేదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. కడవరకూ చదివాక మీకు ఎవరో ఒకరి మీద కోపం తెచ్చుకోవాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. వెతికాను, ఎవరూ దొరకలేదు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్నగారు కచేరీలో గుమాస్తా. సాయంత్రం కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక నాకు తెలుగు, ఉర్దూ, కొంచెం ఫార్సీ చెప్పేవారు. ఆ చదువుకు సర్టిఫికెట్టు లేదు. అయినా హైదరాబాదులో ఒక గ్రంథాలయం వారు నన్ను పిలిచి, పాత పుస్తకాలకు చీటీలు రాసే పని ఇచ్చారు. దేవుడి దయ అనే అనుకున్నాను.

ఈ చీటీలు మామూలువి కావు. వీటిని తర్వాత కంప్యూటరుకు ఎక్కిస్తారు. ఏది పుస్తకం పేరో, ఏది రాసినాయన పేరో ఆ యంత్రానికి తెలియదట. అందుకని ప్రతి ముక్కకీ ముందొక గుర్తు, వెనకొక గుర్తు పెట్టాలి. వీటిని ట్యాగులంటారు. <పేరు> అని తెరిచి, పుస్తకం పేరు రాసి, </పేరు> అని ఒక గీత చేర్చి మూయాలి. అలాగే కర్త, లేఖకుడు, సంవత్సరం, కాగితం ఎలా ఉంది. అన్నిటికన్నా చివర <చోటు>. అంటే ఆ పుస్తకం ఏ బీరువాలో ఏ అరలో ఉందో అది. తెరిచినది మూయడం మరిచిపోతే యంత్రం జాబితా మొత్తాన్ని తిప్పి పంపేస్తుంది.

పని నేర్పిన అధికారి ఇదంతా కష్టంగా ఉంటుందేమోనని నా ముఖం చూశారు. నాకు కష్టమనిపించలేదు. ఆవాహన చేసిన దేవుడికి ఉద్వాసన చెప్పకుండా పీట మీద నుంచి లేవకూడదని మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది.

వికారాబాద్

పుష్యమాసం. తాండూరులో ఒక ఇంట్లో ఉన్న పాత పుస్తకాలకు చీటీలు రాసి తెమ్మని గ్రంథాలయం వారు నన్ను పంపారు. మా వారు ఫ్లాస్కులో కాఫీ పోసి నాంపల్లిలో ప్యాసింజరు ఎక్కించారు. వికారాబాదులో దిగేసరికి చలి శాలువాలోంచి లోపలికి వచ్చింది. ఆ రాత్రికి మా అక్క స్నేహితురాలు లలితమ్మ ఇంట్లో బస. ఆమె భర్త రైల్వే గార్డు. వాళ్ళ క్వార్టరు పట్టాల పక్కనే ఉంది. రైలు వచ్చినప్పుడల్లా గూట్లో గిన్నెలు గలగలమంటాయి. లలితమ్మ మాట మధ్యలో ఆపి, రైలు పోయాక సరిగ్గా ఆపిన చోటే అందుకుంటుంది.

పెరట్లోంచి అనంతగిరి కనిపించింది. చేతులు జోడించి, పని పూర్తయితే నడిచి కొండెక్కి దర్శనం చేసుకుంటానని మొక్కుకున్నాను.

"పని అయినంకనే పోవుడేంది? ముందుగాల్నే పోతే దేవుడు వద్దంటడా?" అంది లలితమ్మ.

"పని కాకుండా ఏ ముఖంతో వెళ్ళను?" అన్నాను.

"మీ పట్నపోళ్ళు దేవునితోని గూడ బేరమే పెడ్తరు," అని నవ్వి, నా కంచంలో ఇంకో జొన్నరొట్టె పడేసింది. మా ఇంట్లో రొట్టె అంటే ఒంట్లో బాగాలేనప్పుడు. అక్కడ ఒంట్లో బాగాలేనప్పుడు తినేది అన్నం. గోంగూరను అక్కడ పుంటికూర అంటారు; ఆ పప్పుతో మూడు తిన్నాను.

తాండూరు రైల్లో

మర్నాడు తాండూరు రైల్లో, ఉడికించిన కందికాయలు అమ్మే ఆమె నా పక్కన కూలబడింది. పెద్దేముల్ ఆమెది. నేను ఒళ్ళో పెట్టె పెట్టుకుని ఖాళీ చీటీల మీద గుర్తులు ముందే గీసుకుంటుంటే వంగి చూసింది.

"ఏం రాస్తున్నవమ్మా? రేషన్ కార్డులా?"

"కాదమ్మా, పుస్తకాలకు చీటీలు."

"పుస్తకాలల్ల రాసిందే ఉంటది గద, మళ్ళ దాని మీద రాసుడేంది?" అని కాసేపు ఆలోచించి, "నా పేరు గూడ రాయరాదు. ఎప్పటికన్న ఏమన్న అస్తదేమో," అంది.

అర్ధరూపాయికి రెండు దోసిళ్ళ కందికాయలు పోసింది. వేడిగా, ఉప్పగా, తియ్యగా ఉన్నాయి. హైదరాబాదులో కంది అంటే మనకు డబ్బాలోని పప్పే. కాయ రుచి ఇంత బాగుంటుందని ఈ వయసులో తెలిసింది. ఆ తల్లికి ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

తాండూరు, రెండో రోజు

ఆ ఊళ్ళో ఎక్కడ చూసినా నాపరాయే. మా ఇంట్లో ఒక్క వంటగట్టు మీద వేయించుకుని మురిసిపోయాం. అక్కడ వీధికీ అదే, గోడకీ అదే, గొడ్లు నీళ్ళు తాగే తొట్టికీ అదే. రాతి పొడి కనురెప్పల మీద కూర్చుంటుంది. బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే మనిషి నోట ఒకే ఊపిరిలో వస్తాయి.

స్టేషను నుంచి వెళ్ళే దారిలో ధాన్యం గంజ్ ఉంది. కాసేపు నిలబడి చూశాను. కంది సంచులు నోళ్ళు తెరుచుకుని వరసగా నిలబడి ఉన్నాయి. కొనేవాడు చెయ్యి మోచేతిదాకా ముంచి, గుప్పెడు తీసి, ఊది, నోట్లో వేసుకుంటాడు. బేరం, వాళ్ళ మాటలో సౌదా, కుదిరితే హమాలీ దబ్బనంతో సంచి మూతి కుట్టేస్తాడు. మీద సేటు మార్కా వేస్తారు. ఇక దాని మీద మాటల్లేవు, బండెక్కడమే. చక్కటి పద్ధతి అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు. అదే నా తప్పు.

నేను వెళ్ళిన ఇల్లు చనిపోయిన ఒక హకీమ్ గారిది. ఆయన యునానీ వైద్యులు. పిల్లల్లేరు. ఆయన భార్య జుబేదా ఆపాకు అరవై దాటాయి. ఇంటి వ్యవహారం హకీమ్ గారి తమ్ముడి కొడుకు అన్వర్ చూస్తున్నాడు. పుస్తకాల గదిని ఒక పప్పుల వ్యాపారికి అద్దెకు ఇస్తానని మాట ఇచ్చేశాడు. కప్పు కారుతోంది, గోడ వెంట చెదలు. అతన్నీ అనడానికి లేదు.

"మస్తు దినాలు ఆగిన మేడం," అన్నాడు. "శుక్రారం దాకా ఉంచుత. మీరు చీటీ రాసినయి మీవి. మిగిలినయి రద్దీ కాయితాల సేటుకు చెప్పిన." రద్దీ అంటే చిత్తుకాగితాలు.

మా గ్రంథాలయం నియమం కూడా అదే. చీటీ ఉన్న పుస్తకాన్నే తీసుకుంటారు. అంటే నా కలం ముట్టినది బతుకుతుంది, ముట్టనిది పోతుంది. మొక్కుకు ఒక రోజు తీసేస్తే చేతిలో ఉన్నవి మూడు రోజులు.

జుబేదా ఆపా పరదా వెనక నుంచి పిలిచింది. "లోపలికి రా బిడ్డా. ఆడదానివి, నీకేం పరదా?"

ఆమె నాకు ఒక్క పుస్తకం చూపించింది. అచ్చయినది కాదు. హకీమ్ గారు నలభై ఏళ్ళపాటు తన మందులు, ఎవరికి ఏది పనిచేసిందో తన చేత్తో రాసుకున్న నోటుబుక్కు. వాళ్ళు దాన్ని బయాజ్ అంటారు. పేజీల మధ్య వేపాకులు పెట్టి ఉన్నాయి.

"నాకు పైసలొద్దు," అంది. "గా కితాబుల లిస్టు అచ్చేస్తరంట గద. అండ్ల హకీమ్ సాబ్ పేరు రావాలె. పిల్లలు లేకపాయె. నేను పోయినంక ఆయన పేరు చెప్పెటోళ్ళు ఎవ్వరు?"

"తప్పకుండా వస్తుంది ఆపా," అన్నాను. దేవుడి మీద భారం వేసి అన్నాను.

చీటీలు

మొట్టమొదట బయాజ్‌కే చీటీ రాశాను. ప్రతి చీటీకి కింద కార్బను పెట్టి రెండు ప్రతులు. ఒకటి పుస్తకంలో, ఒకటి నా రేకు పెట్టెలో. రాసినది ఆమెకు చదివి వినిపించాను. పేరు తెరిచాను, పేరు మూశాను, కర్త తెరిచాను, హకీమ్ గారి పూర్తి పేరు, కర్త మూశాను. ఆమె తల ఊపుతూ విని, "అరె, ఇది నమాజ్ లెక్కనే ఉన్నది. తక్బీర్‌తోని షురూ, సలామ్‌తోని ఖతం. మధ్యల లేస్తే చెల్లదు," అంది.

మా పూజలో ఆవాహన, ఉద్వాసన సంగతి చెప్పాను. "దునియా అంత ఒక్క తీరుగనే కట్టిండు మాలిక్," అని తృప్తిగా తమలపాకు మడిచింది.

నా మోకాలు ఒక పుస్తకానికి తగిలితే తీసి కళ్ళకద్దుకున్నాను. ఆమె చూసి, తన చేతిలోది తీసి ముద్దు పెట్టుకుని నుదుటికి ఆనించుకుంది. 

నేను మాంసం తిననని విని కొత్త కుండ తెప్పించింది. "కొత్త కుండల వండిన. ఫికర్ చెయ్యకు," అంటూ గడప అవతల నిలబడి, నేను మొదటి ముద్ద తినేదాకా కదల్లేదు. ఒట్టి కందిపప్పు, వెల్లుల్లి పోపు. అంత రుచైన పప్పు నేను చేయలేను.

మూడు రోజులు పొద్దున్నుంచి వెలుతురు పోయేదాకా రాశాను. రాతి అచ్చులో వేసిన వైద్య గ్రంథాలు, చేతివ్రాత ఫార్సీ నిఘంటువులు, అంచుల మీద ఎవరెవరో రాసుకున్న మాటలు. వేళ్ళు కొంకర్లు పోతే ఆపా ఆవనూనె రాసేది. "మొగోనికి గూడ ఇంత సేవ చెయ్యలే," అని దెప్పేది. ప్రయాణం నాలుగో రోజు సాయంత్రానికి రెండు వందల పన్నెండు పుస్తకాలకు చీటీలయ్యాయి. మిగిలినవి పాత బడి వాచకాలు, చిరిగిన పత్రికలు, క్యాలెండర్లు. ఏరవలసినవన్నీ ఏరాను. ఇంత పని నా చేత చేయించినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

పెట్టెలు లేవు. వసారాలో పప్పుల వ్యాపారి ఖాళీ గోనెసంచులు ఉంటే అడిగి తీసుకున్నాం. చీటీలున్న పుస్తకాలు ఆరు సంచులయ్యాయి. ఆ వ్యాపారి దగ్గర పనిచేసే హమాలీ సాయన్నను దబ్బనం, సుతిలి అడిగాను. అతనే కుట్టు ఎలా వేయాలో చూపించాడు.

"మూతి మలిచి కుట్టాలెనమ్మా. గట్ల కుడితే ఢిల్లీ దాక పోయినా ఇప్పుకోదు."

దుమ్ము పడకూడదని ఆరింటినీ నేనే కుట్టాను. గుర్తుకోసం ఒక్కోదాని మీద సుద్దతో మా ట్యాగు గుర్తు, ఆ రెండు కోణాలు, పెద్దగా గీశాను. రద్దీకి పోవలసిన ఐదు సంచులను నోళ్ళు తెరిచే వదిలేశాను. పారేసేవాటికి కుట్టెందుకు?

శుక్రవారం వచ్చి రైలు పార్సిలులో వేసుకుంటానని చెప్పి, మధ్యలో ఒక్క రోజు మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరాను. నా పెట్టె నాతోనే ఉంది.

అనంతగిరి

కొండ దారి పొడవునా చెట్ల నీడ. నడిచే ఎక్కాను. గుళ్ళో జనం లేరు. కొబ్బరికాయ కొట్టి, నా పేరున కాకుండా హకీమ్ గారి పేరున అర్చన చేయించాలనిపించింది. పూజారి గోత్రం అడిగాడు. తెలియదన్నాను. ఆయన నా ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా చేశాడు. ఆయనకూ నా నమస్కారం. బయటికి రాగానే కోతి ఒకటి కొబ్బరిచిప్ప లాక్కుపోయింది. రెండో చిప్ప గట్టిగా పట్టుకుని, అది జుబేదా ఆపా కోసం దాచాను.

"ఇగ మీ బేరం ముగిసిందా?" అంది రాత్రి లలితమ్మ.

"ముగిసింది. ఆయన మాట ఆయన నిలబెట్టుకున్నాడు," అన్నాను.

మళ్ళీ తాండూరు

శుక్రవారం పొద్దున్న వసారాలో అడుగు పెట్టేసరికి ఐదు సంచులు నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. కుట్టినవి ఒక్కటీ లేవు.

నేను ఏమీ అడగకముందే సాయన్న ఎదురొచ్చాడు. "సంచులన్ని పోయినయమ్మా. నిన్న పొద్దుగాల్నే, ఒక దినం ముందే, రద్దీ సేటు బండి వచ్చింది. నేనే ఎక్కిచ్చిన." మెచ్చుకుంటానని చూస్తున్నాడు.

"ఏ సంచులు సాయన్నా?"

"కుట్టినయే. కుట్టనియి ఎట్ల ఎక్కిస్త? సౌదా కాలే గద." నా ముఖం చూసి అతని గొంతు తగ్గింది. "కుట్టిండ్రు, మార్కా గూడ ఏసిండ్రు, మీరు ఊరికి పోయిండ్రు. సౌదా అయిందనుకున్ననమ్మా. కాదా?"

అన్వర్ నిన్న షాబాద్ పోయాడట. బండివాడు గుమ్మంలో కేకేస్తే జుబేదా ఆపా పరదా వెనక నుంచి, "మీయి తయారున్నయి, తీస్కపోండ్రి," అంది. ఏవి ఎత్తుతున్నారో చూడడానికి ఆమె వసారాలోకి రాదు. ఏ పరాయి మగాడు వచ్చినా రాలేదు, నలభై ఏళ్ళుగా.

సాయన్న నాపరాయి మీద కూలబడి తలపాగా తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "నా చేతులతోనే ఎక్కిస్తి. మూతి ఎట్ల కుట్టాలెనో గూడ నేనే చెప్తి," అని అదే మాట తిప్పి తిప్పి అన్నాడు.

నేను లోపలికి వెళ్ళి ఆపాకు చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. ఆమె లేచి బురఖా వేసుకుంది. "హకీమ్ సాబ్ పోయినంక గీ గల్లీ దాటలే," అంది. "నడువు."

రద్దీ సేటు దుకాణం గంజ్ వెనక ఉంది. సేటు మంచివాడు. విషయం వినగానే కుర్చీలు వేయించాడు. "గా సరుకు నిన్ననే లారీల అట్టల మిల్లుకు పోయిందమ్మా, కర్ణాటక దిక్కు. ఆగుండ్రి, ట్రంకాల్ పెడ్త."

ఫోను బుక్ చేశాడు. మేం ఎదురుచూశాం. చాయ్ తెప్పించాడు, ముట్టలేకపోయాం. ఆపా చేతిలో తస్బీహ్, వాళ్ళ జపమాల, పూసలు జరుగుతున్నాయి. నేను మనసులో నామం చెప్పుకుంటున్నాను. మధ్యాహ్నం దాటింది. ఎవరో పొట్లాలకు పాత కాగితాలు అడగడానికి వచ్చి, మా ఇద్దరినీ చూసి, ఏం జరిగిందని అడగకుండానే వెళ్ళిపోయారు.

ఫోను మోగింది. సేటు కన్నడంలో అరుస్తూ మాట్లాడాడు. తర్వాత అరవడం మానేశాడు. వింటూ ఉండిపోయాడు. ఫోను పెట్టేసి బల్ల మీది తూకం రాయిని ఇటు నుంచి అటు జరిపాడు.

"వచ్చిన సరుకు వచ్చినట్టే నీళ్ళ హౌజులల్ల పోస్తరంటమ్మా. పొద్దుగాల్నే నానబెట్టిండ్రంట."

ఆపా నా పెట్టె వైపు తిరిగింది. "నీ తాన చీటీలు ఉన్నయి గద బిడ్డా? హకీమ్ సాబ్‌ది ఉన్నది గద?"

"ఉంది ఆపా."

"చదువు."

అక్కడే, పాత కాగితాల కట్టల మధ్య, పెట్టె తెరిచి మొదటి చీటీ చదివాను. పేరు తెరిచాను, మూశాను. కర్త తెరిచాను, ఆయన పూర్తి పేరు చెప్పాను, మూశాను. సంవత్సరం, కాగితం, మధ్యలో వేపాకులున్నాయన్న మాట. సేటు కూడా లేచి నిలబడి విన్నాడు. చివర చోటు తెరిచాను, చోటు మూశాను.

"ఆఖర్ల ఏమో చదవకుంటనే మూసినవు," అంది ఆపా.

"అది హైదరాబాదులో రాయాలి ఆపా. ఏ అరలో పెడతారో చూసి."

 ఇంటికి వెళ్ళాక ఆ ఐదు సంచుల పక్కనుంచి ఇద్దరం లోపలికి నడిచాం. కొబ్బరిచిప్ప ఆమె చేతిలో పెట్టాను. ఆయన పేరున పూజ చేయించానని చెప్పాను. రెండు చేతులతో తీసుకుంది. "నీ దేవుడు నిన్ను సల్లగ సూడాలె," అంది. ఆ దీవెన మోయలేక తల వంచుకున్నాను.

తిరుగు రైలు

కందికాయల ఆమె మళ్ళీ కనిపించింది. "గా చీటీలకు ఏమన్న అచ్చిందా అమ్మా?" అంది.

"ఏమీ రాలేదు."

ఆమె నా ఒళ్ళో దోసెడు కాయలు పోసి, పైసలు తీసుకోకుండానే పక్క డబ్బాలోకి పోయింది.

ఇల్లు

చీటీలన్నీ అధికారికి ఇచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ముందుగా చీటీలను యంత్రానికి ఎక్కించారు. నాలుగు రోజులకు అంచుల్లో చిల్లులున్న పొడుగాటి కాగితం ఒకటి చేతిలో పట్టుకుని వచ్చారు. రెండు వందల పన్నెండు చీటీల్లో ఒక్క తప్పూ లేదట. తెరిచిన ప్రతిదీ మూసి ఉందట. ఇంతవరకు ఎవరి పనీ అలా రాలేదని మెచ్చుకున్నారు.

"కానీ జాబితాలో వేయలేమమ్మా," అన్నారు. "అన్నిటికీ చోటు ఖాళీగా ఉంది. చూసి ఎవరైనా ఆ పుస్తకం కావాలని వస్తే ఏం చూపిస్తాం?"

బయాజ్ ఒక్కదాన్నయినా ఉంచమని అడిగాను. చోటు దగ్గర ఏం రాయమంటారన్నారు. ఆలోచించాను. రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆయన మాట న్యాయమే.

జుబేదా ఆపాకు ఇంకా ఉత్తరం రాయలేదు. రాస్తే ఉర్దూలో నా చేత్తోనే రాయాలి, ఆమె ఎవరి చేతనైనా చదివించుకోవాలి.

పొద్దున్నే పూజ మానలేదు. ఆవాహన చేస్తాను. దారిలో నాకు అన్నం పెట్టినవాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకుంటాను. పెద్దేముల్ ఆమె పేరు అడగనేలేదు, ఆమెను కాయలతో తలుచుకుంటాను. చివర ఉద్వాసన. నీ చోటికి నువ్వు వెళ్ళు స్వామీ అని చెప్పి పీట కదపాలి. చిన్నప్పటి నుంచి తడుముకోకుండా చెప్పిన మాట. ఇప్పుడు చోటు అనే దగ్గర ఆగిపోతాను. మా వారు రెండో గదిలోంచి, "పూజ అయిందా?" అని అడుగుతారు.

ఇంకా కాలేదంటాను.